చప్పుడు లేని బండి – 9: గురువారం నెయ్యి

"రాసుకో బిడ్డా. జూన్ పన్నెండు, గురువారం. ఆ రోజు నేను తిన్నది గూడ చెప్త. మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, పచ్చిపులుసు, గడ్డపెరుగు. ఒంటిగంటకు తిన్న. ఒకటిన్నరకు పండుకున్న. అయిదు కొట్టినంక లేసిన. బండి నా కిటికీ కిందనే ఉన్నది. పొద్దుగాల వంద ఉన్న చార్జింగ్ సాయంత్రానికి నలభై ఎనిమిది ఎట్లయింది? నిలబడ్డ బండి తాగిందా?"

హనుమకొండలోని ఎలక్ట్రిక్ కార్ల షోరూములో పదిమంది వింటుండగా సారంగపాణి ఈ లెక్క అప్పజెప్పాడు. అరవై నాలుగేళ్ల మనిషి. మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం తెరిచి నలభై ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఒక్క గిరాకీ మీద కూడా ఆయన గొంతు పెంచలేదని బజారంతా చెప్పుకుంటుంది. ఆ బుధవారం మాత్రం గొంతు పెరిగింది.

పెరగదా మరి. కిందటి వారం ఆయనను మనం గూడెప్పాడు దగ్గర నడిరోడ్డు మీద విడిచిపెట్టి వచ్చాం. ఒక పెళ్లివారి గిన్నెలు అప్పజెప్పడానికి ములుగు పోయి తిరిగివస్తుంటే బండి ఆగిపోయింది. అంతకుముందు పద్దెనిమిదేళ్లుగా ఆయన ములుగు దిక్కు పోలేదు. చెల్లెలు అరుణ ఆ ఊరి మనిషిని తన ఇష్టప్రకారం చేసుకున్ననాడు, "ఈ గడప తొక్కకు" అని ఆమె ముఖం మీదే తలుపు వేసినవాడాయన. ఆ వేసిన ఊపుకు తలుపు ఒరిగి, అప్పటినుంచి తీసినా వేసినా కీచుమంటూనే ఉంది. అన్నేళ్ల తర్వాత వెళ్లినా బస్టాండు దాటి ఊళ్లోకి పోలేదు. గిన్నెలు దింపాడు, వెనక్కి తిప్పాడు. దారిలో బండి రెండు మూడుసార్లు టుంగుమంటే, రిజర్వు పడ్డా ఇరవై కిలోమీటర్లు ఢోకా లేదన్న పాత ధీమాతో పోనిచ్చాడు. అది ఆగినాక అటుగా వచ్చిన ట్రాక్టరు కట్టయ్య తాడు కట్టి పక్కకు లాగుతూ, "డబ్బా ఇయ్యి పెద్దమనిషీ, బంకుల నుంచి జరంత చార్జింగ్ పోయించుకొస్త" అన్నాడు. పొలం నుంచి వస్తున్న కూలీలంతా నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఆయన చెవుల్లోనే ఉంది.

మర్నాడే అర్జీ రాసి షోరూములో ఇచ్చాడు. బ్యాటరీ చెడ్డది, బండి అమ్మిన దీప్తి అనే అమ్మాయి తనకు అబద్ధం చెప్పింది అని.

ఆ దీప్తే ఇప్పుడు కౌంటరు వెనక నిలబడి ఉంది. వర్ధన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుంది. నాలుగు నెలల కింద బండి తాళం ఆయన చేతిలో పెట్టిందీ, టైర్ల కింద నిమ్మకాయలు తానే వంగి సర్దిందీ ఆమే.

"సార్, ముందుగాల ఒకటి అడుగుత. దిగుడు వచ్చినప్పుడల్లా మీరు బండిని న్యూట్రల్‌ల పెడతాన్రా?"

"పెడత. ముప్పై అయిదేండ్ల సంది పెడతాన్న. దిగుడుల న్యూట్రల్ కొట్టినోడే డ్రైవరు. గట్లనే నెలకు రెండు లీటర్లు మిగిలిచ్చిన."

"ఈ బండికి అది ఉల్టా సార్. దిగుడుల కాలు తీస్తే చక్రాలు తిరిగి బ్యాటరీకే చార్జింగ్ ఎక్కుతది. మీరు న్యూట్రల్ పెడితే దాని నోట్ల ముద్ద గుంజుకున్నట్టు."

వెనక సోఫాలో ఎవరో కిసుక్కుమన్నారు. సారంగపాణి చెవులు వేడెక్కాయి.

"గుంజుకున్ననే అనుకుందాం. ఒక్క ముద్దకు సగం కడుపు ఖాళీ అయితదా?"

"కాదు సార్. దానికి నాలుగైదు తగ్గుతది, గంతే. యాభై తగ్గదు."

తప్పించుకోవడానికి దారి దొరికీ ఆ పిల్ల తప్పించుకోలేదు. అది ఆయనకు నచ్చింది. కాని నచ్చిందని చెప్పుకునే రోజు కాదు.

"మరి మీ వోళ్లు ఏమన్నరు? ఫోన్ చేస్తే, 'సాఫ్ట్‌వేరు మార్చినం సార్, ఇగ తగ్గది' అన్నరు. ఆ మాట నమ్మే నేను ములుగు పోయిన. ట్రాక్టరు తాడుకు కట్టించుకున్న. నా వయసేంది, నన్ను చూసి నవ్వుడేంది?"

ఆ గొడవకు లోపలి గదిలోంచి మేనేజరు ఓంప్రకాశ్ వచ్చాడు. సాఫ్ట్‌వేరు మాట చెప్పింది తానే అయినా, ఆ సంగతి గుర్తులేనట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, కూసోండ్రి. చాయ్ తెప్పిస్త. మీ అర్జీ చూసిన. ఈ అమ్మాయి తప్పు చెప్పిందని రాసిన్రు గదా, రేపు సాయంత్రం అది కంపెనీకి పంపుతాన్న. పోయిందంటే ఎల్లుండి నుంచి ఈమె ఇక్కడ ఉండది. మీ మనసు ఠండా అయితది."

సారంగపాణి మనసు ఇంకా మండింది.

"నేను బ్యాటరీ మార్చుమంటే నువ్వు మనిషిని మారుస్తనంటవేందయ్యా?"

"బ్యాటరీ మార్చాలంటే అది ఖరాబైనట్టు రుజువు గావాలె. మూడుసార్లు పరీక్ష చేసినం, ఖరాబు గాలేదు. ఇగ మిగిలింది మాట. మాట ఈమెది."

"అయితే ఈమె తప్పు చెప్పిందని నువ్వు గూడ అంటవా?"

"నేననుడేంది సార్, మీరే రాసిన్రు."

ఎదురుగా దీప్తి చేతులు కౌంటరు మీద కదలకుండా ఉన్నాయి. ఏడవలేదు. బతిమాలలేదు. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టి, "సార్, ఒక్కసారి ఇటు రాండ్రి. మీకొక్కరికే చూపిస్త" అంది.

మూలనున్న బల్ల దగ్గరకు తీసుకుపోయి కంప్యూటరు తెర ఆయనవైపు తిప్పింది.

"ఇది మీ బండి రోజువారీ తిరుగుడు సార్. బండే రాసుకుంటది. పన్నెండో తారీఖు చూడుండ్రి. మధ్యాహ్నం ఒకటీ నలభైకి కదిలింది. నాలుగూ యాభైకి వచ్చింది. నూటపది కిలోమీటర్లు."

"తప్పు."

"పంతొమ్మిది గూడ గురువారమే. గదే టైము. నూటపది. అంతకుముందు అయిదు. ఇరవై తొమ్మిది. ఇరవై రెండు. మే ఎనిమిది దాక ఉన్నయి సార్. ఏడు గురువారాలు. నడుమ ఒక్కటి గూడ తప్పలే."

"నీ మిషన్ తాగి రాసినట్టున్నది. గురువారం నేను ఒక్కపొద్దు ఉంట. ఒక్కపూటే తింట, తిన్నంక పండుకుంట. బండి ఎవడు తీస్తడు? నా కొడుకు గల్లా మీద ఉంటడు. నా ఇల్లు దొంగల కొంప అంటవా?"

"నేను అట్లనలేదు సార్. మీరు కిలోమీటర్లు చూస్తరా?"

ఆయన ఇరవై రెండేళ్లు నడిపిన పెట్రోలు బండిలో కిలోమీటర్ల అంకెలు పదేళ్ల కిందనే ఆగిపోయాయి. బాగుచేయించలేదు. ముల్లు ఎక్కడుందో చూసుకోవడమే తప్ప అంకెలు చూసే అలవాటు పోయింది. కొత్త బండి తెర మీద అంకెలు మెరుస్తూనే ఉన్నాయి. ఆయన కళ్లే అటు పోలేదు.

"ఇంకొకటి సార్." దీప్తి గొంతు తగ్గించింది. "మీ బండికి రెండు ఫోన్లు కలిపి ఉన్నయి. ఫోన్ దగ్గరుంటే తాళంచెవి గూడ అక్కర్లేదు. ఒకటి మీది. రెండోదానికి మే ఏడో తారీఖు రాత్రి మీ ఫోన్ నుంచే పర్మిషన్ పోయింది. దాని మీద పేరు సుభాషిణి అని ఉంది. మేడమ్ గారా సార్?"

షోరూములో ఏసీ హోరు తప్ప ఆయనకేమీ వినిపించలేదు.

సుభాషిణి పోయి రెండేళ్లు దాటింది. ఆమె ఫోను ఆయన గదిలో, ఆమె బీరువాలో, ఆమె చీరల మధ్య ఉంది. ఆమెకు పెట్రోలు వాసన పడేది కాదు. బండెక్కితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఈ బండి రెండేళ్లు ముందు వచ్చి ఉంటే అనుకుంటూనే ఆయన దీన్ని కొన్నాడు. గురువారం ఒక్కపొద్దు కూడా ఆమెదే. ఆమె వదిలి వెళ్లినదాన్ని ఆయన పట్టుకున్నాడు.

ఆయన ముఖం చూసి దీప్తికి ఏమర్థమైందో గాని, ఓంప్రకాశ్ ఇటే వస్తుంటే తెరను గోడవైపు తిప్పేసింది. ఎల్లుండి కొలువు ఉంటుందో లేదో తెలియని పిల్ల, ఆయన పరువు పది మంది కంటపడకుండా కాసింది.

"సార్, ఏం ఫైసలా చేసిన్రు? అర్జీ పంపమంటరా, వాపస్ తీసుకుంటరా?" అన్నాడు ఓంప్రకాశ్.

వాపసు తీసుకుంటే ఈ తెర నిజమైనట్టు. తన ఇంట్లో ఎవరో తన కళ్లుగప్పి ఏడు వారాలుగా ఆడుకుంటున్నట్టు. తీసుకోకపోతే ఈ పిల్ల బస్సు ఎల్లుండి నుంచి ఇటు రానక్కర్లేదు.

"రేపు సాయంత్రం దాక టైమున్నదన్నవు గదా," అని సారంగపాణి లేచాడు.

*

ములుగు రోడ్డు చౌరస్తా దాటి మట్టెవాడ చేరేదాకా ఆయన చేయి ఒక్కసారి కూడా న్యూట్రల్ మీదికి పోలేదు. దిగుడులో కాలు తీసి చూశాడు. బండి తనంతట తానే వెనక్కి పట్టింది. తెర మీద చిన్న పచ్చగీత లేచింది. ఆ పిల్ల చెప్పింది నిజమే. ఒకటి నిజమైతే రెండోది కూడా నిజమేనేమో.

ఇంట్లో మధ్యాహ్నం పూట ఉండేది ఇద్దరే. తానూ, కోడలు శ్రీలతా.

పాత బండి అయితే ఈ పని సాగేదా? దాన్ని లేపాలంటే మూడుసార్లు గుర్రుమనిపించాలి. "మీరు బయలెల్లితే గల్లీ అంతా టైము దిద్దుకుంటది" అనేది సుభాషిణి. ఆ చప్పుడుకు చచ్చి పడుకున్నవాడు కూడా లేస్తాడు. ఇది కిటికీ కిందనుంచి కదిలిపోయినా, మూడు గంటల తర్వాత తిరిగొచ్చి అదే చోట నిలబడినా, మంచం మీద మనిషికి తెలియదు. చార్జింగు వైరు ఆయన గదిలోంచే పోవాలి గనక వచ్చినాక పెట్టడానికి లేదు. తగ్గిన చార్జింగు తగ్గినట్టే ఉండిపోయింది.

శ్రీలతకు బండి నేర్పింది కూడా తానే. కిందటి ఎండాకాలం, ఖిల్లా పక్క మైదానంలో, పాత బండి మీద. గేరు మార్చేటప్పుడల్లా బండి ఆపేసేది, ముఖం చిన్నబుచ్చుకునేది. ఈ బండి ఇంటికి వచ్చిననాడు, "గేర్లు లేకుంటే నేను గూడ నడుపుత మామయ్యా" అంది. ఆయన నవ్వాడు. అదొక మురిపెం అనుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, నెయ్యి.

మిగతా రోజుల్లో పప్పులో ఒక చెంచా. గురువారం రెండు. ఒక్కోసారి మూడు. "ఒక్కపూటనే తింటరు గదా మామయ్యా, జర గట్టిగ తినుండ్రి" అని దగ్గర కూర్చుని మరీ వడ్డించేది. ఇల్లాలు లేని ఇంట్లో కోడలు తన కడుపు చూస్తోందని ఆయన ఎంత మురిసిపోయాడు. బజారులో నలుగురికి చెప్పుకున్నాడు కూడా. ఆ నెయ్యి ప్రేమ కాదు. నిద్ర. తాను నిద్రపోవాలని పోసిన నెయ్యి.

ట్రాక్టరు తాడు కన్నా, కూలీల నవ్వు కన్నా ఇది ఎక్కువ గుచ్చుకుంది. సుభాషిణి ఒక్కపొద్దును అడ్డం పెట్టుకుని, సుభాషిణి ఫోను పట్టుకుని. అడుగుతాను, ఇవాళే, గడప దాటగానే అడుగుతాను అనుకుంటూ బండి ఆపాడు.

గడప దాటాడు. శ్రీలత ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంది. "ఎండల పోయిన్రు, ముఖం గుంజుకపోయింది మామయ్యా. షోరూమోళ్లు ఏమన్నరు?"

"చూస్తమన్నరు."

అంతే వచ్చింది నోట. నలభై ఏళ్లు గిరాకీల ముందు మింగిన కోపం ఇంట్లో కూడా మింగడమే అలవాటైంది.

రాత్రి కొడుకు హరికృష్ణ దుకాణం మూసి వచ్చాక ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. హరికృష్ణ ఆవలిస్తూ, "బాపూ, ఆ బండిని వాపస్ ఇచ్చెయ్. పొద్దంత దానితోనే లొల్లి" అన్నాడు. వాడికేమీ తెలియదు. ఆ ఆవలింత చూస్తేనే తెలుస్తోంది.

"వాపస్ ఎందుకు," అంది శ్రీలత, కొంచెం తొందరగా. తర్వాత నెమ్మదిగా, "మామయ్యకు అలవాటైతాంది గదా" అంది.

సారంగపాణి కంచంలో చేయి కడుక్కుంటుంటే ఆమె అడగనే అడిగింది.

"రేపు ఒక్కపొద్దు గదా మామయ్యా. ఏం వండమంటరు?"

"ఏదైనా వండమ్మా." ఆయన తువ్వాలు అందుకున్నాడు. "నెయ్యి జర తక్కువ వెయ్యి. పగటి నిద్ర ఎక్కువైతాంది."

కంచాలు ఎత్తుతున్న ఆమె చేతులు ఆగాయి. రెండు క్షణాలు. తర్వాత గాజుల చప్పుడు వంటింట్లోకి వెళ్లిపోయింది. హరికృష్ణ ఫోను చూసుకుంటూ నవ్వుకుంటున్నాడు.

తన గదిలోకి పోయి ఆయన బీరువా తెరిచాడు. తాళంచెవి దేవుడి పటం వెనక మేకుకు ఉంటుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. చీరల్లో కర్పూరం వాసన వచ్చింది. మూడో అరలో, గళ్ల పట్టుచీర మడతలో ఫోను ఉంది. రెండేళ్ల కింద తానే చేత్తో ఆపి అక్కడ పెట్టాడు.

బొటనవేలు తగలగానే అది వెలిగింది. పై మూలన అంకె కనిపించింది. ఎనభై రెండు.

రెండేళ్లు చీర మడతలో పడి ఉన్న ఫోనుకు ఎనభై రెండు ఎక్కడిది? సారంగపాణి మంచం మీద కూర్చున్నాడు. ఇవాళ పొద్దున్నుంచి, కాదు, నాలుగు రోజుల నుంచి తాను ఎవరి మీద అరిచాడో గుర్తొచ్చింది. నిలబడ్డ బండి తాగదు. చీరల్లోని ఫోను నిండదు. అబద్ధం చెప్పింది దీప్తి కాదు.

తన ఫోను తీసి ఓంప్రకాశ్‌కు కలిపాడు.

"అర్జీ వాపస్ తీసుకుంటాన్న. రేపటి దాక ఎందుకు, ఇప్పుడే చింపెయ్యి."

"ఏమైంది సార్, బండి మంచిగైందా?"

"బండి ముందట్నుంచీ మంచిగనే ఉన్నది. ఆ బిడ్డ నిజం చెప్పింది, నేను తప్పు రాసిన. పొద్దున వచ్చి అదే మాట కాయితం మీద గూడ రాసిస్త. ఇంకొక్కటి, ఆ సాఫ్ట్‌వేరు మాట చెప్పింది నువ్వు. మళ్లా ఆ పిల్ల మీద తొయ్యకు."

అవతల నుంచి "సరే సార్" అని వినిపించింది. సారంగపాణి ఫోను పెట్టేశాడు. ఆ ఒక్క ముల్లు ఊడింది. రేపు వర్ధన్నపేట బస్సులో ఒకరు ఎప్పటిలాగే కూర్చుంటారు. ఇవాళ్టి రోజుకు అంత మంచైనా మిగిలింది.

మిగిలిన కోపమంతా ఇక ఒక్కచోటికే పోవాలి. రేపు ఒకటిన్నరకు పడుకున్నట్టు పడుకుని, ఒకటీ నలభైకి ముందే బండి వెనక సీట్లో కూర్చుంటాను అనుకున్నాడు. నూటపది కిలోమీటర్లంటే పోను యాభై అయిదు, రాను యాభై అయిదు. ఎక్కడికి పోతుందో, ఎవరి దగ్గరికి పోతుందో కళ్లారా చూస్తాను. తర్వాత ఆ మొగుడూ పెళ్లాలే తేల్చుకుంటారు.

సుభాషిణి ఫోను యథాతథంగా చీర మడతలోకి తోయబోతుండగా అది చేతిలోనే వణికింది. మెసేజ్. పంపినవాళ్ల పేరు 'ములుగు' అని ఉంది. సుభాషిణే రాసుకున్న పేరు. అంటే ఈ నంబరు ఆమె ఉన్నప్పటిది.

ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని చదివాడు.

"రేపు సారంగన్నను గూడ తోలుకరా శ్రీలతా. ఇంక దాచకు. నా దగ్గర గురువారాలు ఎక్కువ లేవు."

మళ్లీ చదివాడు. బజారుకు ఆయన సారంగపాణి సేటు. చుట్టాలకు పాణి. సారంగన్న అని పిలిచింది ఈ లోకంలో ఒక్కతే. ఆ పిలుపు ఆఖరుసారి విన్నప్పుడు ఆయన తలుపు అవతల ఆమెను నిలబెట్టి గడియ పెట్టాడు.

బయట శ్రీలత దీపాలు ఆర్పుతోంది. అడుగులు వీధి తలుపు దాకా పోయాయి. పద్దెనిమిదేళ్లుగా రోజూ రాత్రి ఆ తలుపు కీచుమంటేనే ఈ ఇంటికి పొద్దు పోయినట్టు. సారంగపాణి ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు.

చప్పుడు రాలేదు. బందులకు ఎవరో ఎప్పుడో నూనె వేశారు, ఆయన చెవే అది పట్టుకోలేదు. చీకట్లో తలుపు మెత్తగా వచ్చి చట్రానికి ఆనింది, గడియ నెమ్మదిగా పడింది.